ఎత్తైన కొండా, తెరిపి ఉన్న కొండా? చిన్న కొండల్లో వ్యూపాయింట్‌నూ బాటనూ ఎంచుకోవడం

వెయ్యి, పదిహేను వందల మీటర్లకు మించని కొండల ప్రాంతానికి బయల్దేరేవాళ్లలో చాలామంది ముందుగా మ్యాప్ తెరిచి అన్నిటికన్నా పెద్ద అంకె ఎక్కడుందో వెతుకుతారు. మూడు గంటలు చెమటోడ్చి అక్కడికి చేరితే కనిపించేవి చెట్ల బోదెలు, ఒక సర్వే రాయి, మహా అయితే ఒక సెల్ టవర్. అక్కడికి రెండు కిలోమీటర్ల ఇవతల, రెండు వందల మీటర్లు కిందనున్న బండ అంచు మీద కూర్చున్నవాళ్లకు మాత్రం లోయంతా ఏటి మలుపులతో సహా కనిపిస్తూ ఉంటుంది. పెద్ద పర్వతాల్లో ఈ చిక్కు లేదు, ఒక ఎత్తు దాటాక అక్కడ చెట్లే పెరగవు. చిన్న కొండల్లో నెత్తి దాకా అడవే. అందుకని ఇక్కడ ఎత్తును పక్కన పెట్టి మూడు సంగతులు చూసుకోవాలి: ఆ చోటికి ముందువైపు ఏముంది, అక్కడికి చేర్చే బాట ఎలాంటిది, అక్కడి నుంచి ఎటు దిగాలి. మూడోదాన్ని ఎక్కువమంది పైకి చేరాకే ఆలోచిస్తారు. ఇబ్బందులన్నీ అక్కడే మొదలవుతాయి.

ఎత్తు పెరిగితే ఎంత దూరం కనిపిస్తుంది?

దీనికి ఒక చిన్న లెక్క ఉంది. చుట్టూ ఉన్న మైదానం నుంచి మీరెంత ఎత్తులో ఉన్నారో మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో వస్తుంది. 100 మీటర్ల గుట్ట మీది నుంచి 36 కిలోమీటర్లు, 400 మీటర్ల నుంచి 71, 900 మీటర్ల నుంచి 107. గాలిలో కాంతి కాస్త వంగుతుంది కాబట్టి నిజానికి దీనికి ఇంకో 8 శాతం దాకా కలుస్తుంది. ఎత్తు నాలుగు రెట్లయితే చూపు రెండు రెట్లే అవుతుందన్నది ఇందులో గుర్తుంచుకోవాల్సిన విషయం. పైగా దుమ్మూ తేమా ఉన్న మామూలు రోజున వంద కిలోమీటర్ల దిగంతం లెక్కలోనే ఉంటుంది, కంటికి అందదు. 400 మీటర్ల చోటుకూ 900 మీటర్ల చోటుకూ మధ్య తేడా అలాంటి రోజున కాళ్లకే తెలుస్తుంది.

జర్మనీలోని సాక్సన్ స్విట్జర్లాండ్ ప్రాంతంలో బాస్టై అనే రాతి గుంపు ఉంది. సముద్రమట్టం నుంచి దాని ఎత్తు 305 మీటర్లే. కానీ అది ఎల్బే నదికి 194 మీటర్ల పైన, దాదాపు నిట్టనిలువుగా నిలబడి ఉంది. ఆ ప్రాంతానికి వెళ్లినవాళ్లు దాన్ని చూడకుండా రారు. అమెరికాలోని గ్రేట్ స్మోకీ మౌంటెన్స్‌లో కువోహి శిఖరానిది దీనికి సరిగ్గా ఎదురు కథ. 2024 దాకా క్లింగ్‌మన్స్ డోమ్ అని పిలిచిన ఈ శిఖరం 2,025 మీటర్ల ఎత్తున్నా నెత్తంతా సతత హరితారణ్యం కావడంతో, చుట్టూ చూడాలంటే 1959లో కట్టిన కాంక్రీటు టవర్ ఎక్కాల్సిందే. చూపు దొరికేది ఎక్కడైనా ముందున్న దిగుడు వల్లే.

ఈ సంగతి ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చు. మ్యాప్‌లో కాంటూరు గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, ఒకవైపు దగ్గర దగ్గరగా ముడుచుకుపోయి, ఆ దిగువన ఒక్కసారిగా విడిపోయిన చోట వెతకండి. అక్కడ నిలువు చరియ ఉంది, దాని కింద విశాలమైన లోయ ఉంది. అదే చోటును శాటిలైట్ చిత్రంలో చూస్తే బూడిదరంగు బండ కనిపిస్తోందా, పచ్చని చెట్ల కప్పే కనిపిస్తోందా తెలుస్తుంది. ఆ తర్వాత జనం పెట్టిన ఫోటోలు చూడండి, అయితే తేదీల వరుసలో చూడండి. ఐదేళ్ల కిందటి ఫోటోలో విశాలంగా ఉన్న చోట ఇప్పుడు కుర్ర చెట్లు అడ్డంగా లేచి ఉండవచ్చు. ఆకురాల్చే అడవైతే ఫోటో ఏ నెలలో తీశారన్నది కూడా అంతే ముఖ్యం. మోడు చెట్ల మధ్య నుంచి కనిపించిన లోయ, ఆకులు దట్టంగా ఉన్న కాలంలో కనిపించదు.

ఏ రకం వ్యూపాయింట్?

చిన్న కొండల్లో దొరికే వ్యూపాయింట్లు స్థూలంగా నాలుగు రకాలు.

నెత్తి మీద చెట్లు లేని బోడికొండ మొదటి రకం. నాలుగు దిక్కులూ కనిపిస్తాయి, కాబట్టి ఏ వేళకు చేరినా చూడదగ్గది ఏదో ఒక వైపు ఉంటుంది. కొన్ని సహజంగానే బోడిగా ఉంటాయి. జర్మనీలోని బ్రోకెన్ ఎత్తు 1,141 మీటర్లే అయినా, గాలీ చలీ కలిసి అక్కడ చెట్లను ఎదగనివ్వవు. అమెరికాలోని మ్యాక్స్ ప్యాచ్ లాంటి చోట్ల గడ్డి కోస్తూ కావాలనే తెరిపిగా ఉంచుతారు. బోడికొండతో వచ్చే కష్టం కూడా ఆ తెరిపి వల్లే. నీడ ఉండదు, గాలికి అడ్డు ఉండదు, ఉరిమితే ఆ చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తుగా నిలబడి ఉన్నది మీరే అవుతారు. విడిగా నిలబడి, వచ్చే ప్రతి మబ్బుకూ తగిలే శిఖరమైతే చూపు దొరకడమే కష్టం. బ్రోకెన్ మీద ఏడాదిలో సుమారు 300 రోజులు ఎంతో కొంత సేపు పొగమంచు ఉంటుంది.

రెండోది బండ అంచు. అర్ధవృత్తానికి మించి కనిపించదు, కానీ కాళ్ల కిందే లోతు ఉండటంతో దృశ్యానికి దగ్గరా దూరమూ తెలుస్తాయి. నాలుగింటిలో ఒకటే ఎంచుకోమంటే చాలాసార్లు దీనికే ఓటు వేయాలి: తక్కువ ఎక్కుడుకు ఎక్కువ చూపు ఇక్కడే దొరుకుతుంది. అయితే చిన్న పిల్లలు వెంట ఉంటే, కంచె లేని అంచు అయితే, దీన్ని వదిలేయండి. చూడటం మానేసి గంటసేపు పిల్లల చొక్కాలు పట్టుకుని నిలబడాల్సి వస్తుంది. అంచు దగ్గర జారుడుకు కారణం ఎక్కువగా బండ కాదు, బండ మీద పరుచుకున్న ఇసుక, సన్న గులకరాళ్లు, ఎండుటాకులు. అవి అరికాలి కింద గోళీల్లా దొర్లుతాయి. ఇసుకరాయి కొండలైతే వాన పడ్డాక ఒకటి రెండు రోజులు చేతిపట్లను నమ్మకండి. నీరు పీల్చిన ఇసుకరాయి బలం తగ్గి, పట్టుకున్న ముక్క ఊడి చేతికి వస్తుంది.

టవర్ మూడో రకం. చెట్ల కప్పుకు పైన నిలబెడుతుంది కాబట్టి చూపుకు లోటు లేదు. కానీ అది మనుషులు నడిపే కట్టడం. తలుపు తెరిచే వేళలుంటాయి, మరమ్మతులకు నెలల తరబడి మూసేస్తారు, సూర్యోదయం వేళకు తాళం వేసి ఉండటం మామూలే. టవర్ ఒక్కదాన్నే నమ్ముకుని రోజంతా నడిచే పథకం వేసుకునేముందు అది ఆ వారంలో తెరిచి ఉందో లేదో కనుక్కోండి. ఇనుప టవర్ మీద ఉరుము వినిపిస్తే ఫోటో సంగతి వదిలేసి కిందికి రావాలి.

నాలుగోది బాట మలుపులోనో, రెండు కొండల మధ్య పల్లంలోనో దొరికే చిన్న తెరిపి. దీనికోసమే ఎవరూ వెళ్లరు, వెళ్లనక్కర్లేదు కూడా. కానీ పెద్దవాళ్లతో నడిచేటప్పుడు ఇలాంటివి రెండు మూడున్న బాట, చివర ఒకే ఒక గొప్ప వ్యూపాయింట్ ఉన్న బాట కన్నా మేలు. మధ్యలో ఎక్కడ ఆగి వెనక్కి తిరిగినా ఆ రోజు వృథా కాదు.

వెలుతురు, మబ్బు, పొగమంచు

బండ అంచు ఏ దిక్కుకు తెరుచుకుందో తెలుసుకోకుండా వేళ నిర్ణయించకండి. తూర్పుకు తెరుచుకున్న అంచు మీద ఉదయం నిలబడితే సూర్యుడు సూటిగా కళ్లలోకి కొడతాడు. లోయలోని ఊళ్లు, పొలాలు, ఏరు విడివిడిగా కనబడవు. అయితే ఒకదాని వెనుక ఒకటిగా కొండల వరుసలు నీలి పొరల్లా కనిపించేది కూడా అప్పుడే. వివరాలు కావాలంటే సూర్యుడు వీపు వెనుక ఉండాలి: పడమర చూసే అంచుకు ఉదయం, తూర్పు చూసే అంచుకు సాయంత్రం. నడిమధ్యాహ్నం నీడలు పడవు కనుక కొండలు అట్టముక్కల్లా చదునుగా కనిపిస్తాయి. ఆ వేళను భోజనానికో అడవిలో నడకకో ఉంచుకోవడం మేలు.

సూర్యోదయమా, సూర్యాస్తమయమా అన్న ప్రశ్నకు కొత్తవాళ్లకు ఒకే జవాబు: సూర్యోదయం. చీకట్లో ఎక్కడం, చీకట్లో దిగడం ఒకటి కావు. ఎక్కేటప్పుడు ఏ గట్టు (కొండ వెన్ను) పట్టుకున్నా చివరికి శిఖరానికే చేరుస్తుంది, ఎందుకంటే గట్లన్నీ పైకి పోతూ కలుస్తాయి. దిగేటప్పుడు అదే గట్టు రెండుగా, నాలుగుగా చీలుతుంది. ఒక్క చీలిక తప్పుగా తీసుకుంటే వేరే లోయలో తేలతారు. సూర్యాస్తమయమే చూడాలనుకుంటే, తిరుగు ప్రయాణం ముప్పావు గంటకు మించని చోటును, అదీ వెడల్పాటి బాటో అటవీ రోడ్డో ఉన్నదాన్ని ఎంచుకోండి. చెట్ల కింద చీకటి బయటికన్నా ముందే పడుతుంది. తలకు కట్టుకునే లైటు తప్పనిసరి. ఫోన్ టార్చి ఒక చేతిని ఆక్రమిస్తుంది, మ్యాప్ చూడాల్సిన బ్యాటరీని తినేస్తుంది.

లోయలో తెల్లటి మేఘాలు సముద్రంలా పరుచుకున్న దృశ్యం కోసమే వెళ్లేవాళ్లకు అది ఎప్పుడు దొరుకుతుందో ముందే కొంత తెలుస్తుంది. నేలలో తేమ ఉండాలి, రాత్రి ఆకాశంలో మబ్బులుండకూడదు, గాలి నిశ్చలంగా ఉండాలి. అప్పుడు నేల వేడినంతా పైకి వదిలేస్తుంది, చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి జారి పొగమంచుగా మారుతుంది. ఆ ఉదయం లోయలో కన్నా కొండ మీదే వెచ్చగా ఉంటుంది. ఇలాంటి రోజున మరీ ఎత్తైన శిఖరం అక్కర్లేదు, పొగమంచు పైపొర కన్నా కాస్త పైనుంటే చాలు. మంచు పొర మరీ మందంగా ఉంటే తక్కువ ఎత్తు అంచు అందులోనే మునిగిపోతుంది. అందుకని బాట ఇంకొంచెం పైకి సాగే వీలున్న చోటును ఎంచుకోవడం తెలివైన పని. సూర్యుడు వీపు వెనుక కిందగా ఉండి, ఎదుట మంచు ఉంటే, మంచు మీద మీ నీడ పెద్దదై, తల చుట్టూ రంగుల వలయంతో కనిపిస్తుంది. బ్రోకెన్ పేరు మీదే దానికి బ్రోకెన్ స్పెక్టర్ అన్న పేరు వచ్చింది.

పగటి మబ్బుల సంగతి వేరు. కొండ నెత్తి మబ్బులో మునుగుతుందా లేదా అన్నదానికి మోటు లెక్క ఇది: కింది ఊళ్లో ఉష్ణోగ్రతలోంచి డ్యూ పాయింట్‌ను, అంటే గాలిలో తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రతను, తీసేసి, వచ్చిన తేడాను 125తో గుణించండి. 24 డిగ్రీలు, డ్యూ పాయింట్ 20 అయితే తేడా 4, మబ్బు అడుగు సుమారు 500 మీటర్ల పైన ఉంటుంది. ఊరి కన్నా 700 మీటర్లు ఎత్తున్న శిఖరం ఆ రోజు తెల్లటి గోడే చూపిస్తుంది, 350 మీటర్ల బండ అంచు మాత్రం హాయిగా ఉంటుంది. వాతావరణ యాప్‌లలో డ్యూ పాయింట్ ఇస్తారు, చూసేవాళ్లే తక్కువ. ఇక అన్నిటికన్నా తేటైన చూపు వాన వెలిసి పొడిగాలి మళ్లిన మరుసటి రోజున దొరుకుతుంది. వారం రోజులు వాన లేకుండా గాలి స్తంభించిపోతే ఎంత ఎత్తెక్కినా మసకే.

ఎలాంటి బాట?

ఒకే వ్యూపాయింట్‌కు తరచూ రెండు మూడు బాటలుంటాయి. దూరం ఒక్కటే చూసి ఎంచుకోవడం మామూలుగా జరిగే పొరపాటు.

గట్టు మీద నడిచే బాటకు, అంటే రిడ్జ్ బాటకు, నీరు రెండు వైపులా జారిపోతుంది కాబట్టి బురద తక్కువ. ఒకసారి ఎక్కాక పెద్దగా ఎక్కుళ్లుండవు, దారి తప్పడం కష్టం. జర్మనీలోని థూరింగియన్ అడవి మీదుగా సుమారు 170 కిలోమీటర్ల రెన్‌స్టైగ్ బాట ఇలా గట్టునే పట్టుకుని సాగుతుంది. దీనికున్న లోపం నీళ్లు. ఊటలన్నీ కిందే ఉంటాయి కాబట్టి రోజుకు కావాల్సినవన్నీ మోయాలి. గంటకు అర లీటరు లెక్కన ఐదు గంటలకు రెండున్నర లీటర్లు, అంటే రెండున్నర కిలోలు. ఎండ మండుతుంటే గంటకు లీటరుకు దగ్గరపడుతుంది. మ్యాప్‌లో చదునుగా కనిపించే గట్టు మీద చిన్న చిన్న దిబ్బలు వరుసగా ఉండటం మామూలే. ఒక్కొక్కటి ముప్పై మీటర్లే కావచ్చు, పది దాటేసరికి మూడు వందల మీటర్ల ఎక్కుడు అదనంగా పడుతుంది.

వాగు పక్క బాటలో నీడ, నీళ్లు, చల్లదనం ఉంటాయి. ఎండాకాలం మధ్యాహ్నం దీనికి సాటి లేదు. వానాకాలంలో మాత్రం లెక్క మారుతుంది. ఉదయం చీలమండ లోతులో దాటిన వాగు, పైన ఎక్కడో కురిసిన వానకు సాయంత్రం మోకాలు దాటుతుంది. నాచు పట్టిన రాళ్లు, తడి వేళ్లు బండల కన్నా ప్రమాదం. వాలుకు అడ్డంగా పడుకున్న తడి వేరు మీద అడుగు వేస్తే కాలు నిలవదు, దాటి అవతల వేయాలి. లోయలో ఫోన్ సిగ్నల్ అందదు. దారి తప్పినప్పుడు వాగు వెంట కిందికి పోతే ఊరొస్తుందని చాలామంది అనుకుంటారు. కొండ వాగు ఊరికన్నా ముందు జలపాతానికి చేరుస్తుంది, దాని పై అంచు నుంచి వెనక్కి ఎక్కడం కూడా కష్టమవుతుంది.

కొండ నడుము చుట్టూ అడ్డంగా పోయే బాట మ్యాప్‌లో సులువుగా కనిపిస్తుంది, ఎక్కుడు పెద్దగా ఉండదు. కానీ బాట ఒకవైపుకు వాలి ఉంటే గంటల తరబడి ఒక కాలు ఎత్తున, ఒక కాలు పల్లాన పడి చీలమండలు పీకుతాయి. చరియలు విరిగి బాట తెగేది కూడా ఎక్కువగా ఇక్కడే. అటవీ రోడ్డు మీద చూడటానికి ఏమీ ఉండదు, అరికాళ్లకు గట్టిగా తగులుతుంది. అయినా దిగడానికి, చీకటి పడ్డాక నడవడానికి, అలసిన పిల్లలను ఎత్తుకుని రావడానికి దానికి మించింది లేదు.

వాలు ఎంత ఉందో మ్యాప్ నుంచే కొలవవచ్చు. 1:25,000 మ్యాప్‌లో నాలుగు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. కాంటూరు గీతల మధ్య ఎత్తు తేడా 10 మీటర్లనుకుందాం. బాట వెంబడి ఒక గీత నుంచి ఇంకో గీతకు 4 మిల్లీమీటర్లుంటే వాలు 10 శాతం, మాట్లాడుకుంటూ ఎక్కవచ్చు. 2 మిల్లీమీటర్లయితే 20 శాతం, మాటలు ఆగిపోతాయి. 1 మిల్లీమీటరైతే 40 శాతం, మెట్లో చేతిపట్లో కావాలి. కొండ వాలును కాదు, బాట గీతలను దాటే దూరాన్ని కొలవాలి. మెలికలు తిరిగే బాట 40 శాతం కొండను కూడా 12 శాతంతో ఎక్కిస్తుంది.

బాట బోర్డు మీద కష్టం స్థాయి రాసి ఉంటే అది ఏ పద్ధతిదో చూడండి. స్విస్ ఆల్పైన్ క్లబ్ వాడే టీ1 నుంచి టీ6 దాకా ఉన్న కొలతలో, చిన్న కొండల బాటలు ఎక్కువగా టీ1, టీ2. టీ3 అంటే అక్కడక్కడా నిలదొక్కుకోవడానికి చేతులు వాడాల్సి రావచ్చు, పడితే దెబ్బ తగిలే అంచులుండవచ్చు. రంగులు మాత్రం చాలామందిని పొరబాటు పట్టిస్తాయి. చెక్ దేశంలో 1889 నుంచి వేస్తున్న మూడు చారల గుర్తుల్లో ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు రంగులుంటాయి. అక్కడ ఎరుపు అంటే కష్టమైనదని కాదు, ముఖ్యమైన పొడవాటి బాట అని. అమెరికాలోని అపలేచియన్ ట్రెయిల్ గుర్తు చెట్టు మీద రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవున్న తెల్లటి పట్టీ. రెండు పట్టీలు ఒకదానిపై ఒకటి ఉంటే ముందు మలుపో కూడలో ఉందని హెచ్చరిక. ఏ ప్రాంతంలోనైనా ఐదు నిమిషాలు నడిచినా తర్వాతి గుర్తు కనబడలేదంటే ముందుకు వెతక్కండి, చివరిగా చూసిన గుర్తు దగ్గరికి తిరిగి వెళ్లండి.

వెళ్లిన దారినే రావాలా, చుట్టి రావాలా?

వెళ్లిన దారినే తిరిగి రావడాన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. కానీ తెలియని కొండకు మొదటిసారి వెళ్లేటప్పుడు ఇదే మంచిది. దిగాల్సిన ప్రతి రాయినీ ఎక్కేటప్పుడే చూసి ఉంటారు, ఎప్పుడంటే అప్పుడు వెనక్కి తిరగవచ్చు. చుట్టు బాటలో సగానికి చేరాక వెనక్కి తిరగడం, ముందుకు పోవడం ఒకటే దూరం. వాన మొదలైనా, మోకాలు పట్టేసినా ఏదీ దగ్గరి దారి కాదు. కాబట్టి చుట్టు బాటలో మధ్యలో అడ్డంగా దిగే దారి ఒకటైనా ఉందో లేదో ముందే మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి.

చుట్టు బాట ఎంచుకుంటే ఏ వైపు నుంచి మొదలుపెట్టాలన్నది తేలిక విషయం కాదు. నిటారు వైపు ఎక్కండి, ఏటవాలు వైపు దిగండి. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూ బరువును ఆపాలి. రెండో రోజు మెట్లు దిగలేకపోవడానికి కారణం ఈ పనే, ఎక్కడం కాదు. నిటారు బండలను ఎక్కేటప్పుడు పట్టు కళ్లెదుట ఉంటుంది, దిగేటప్పుడు పాదం ఎక్కడ పెట్టాలో కనబడదు. అమెరికాలోని వర్జీనియాలో ఓల్డ్ ర్యాగ్ కొండ చుట్టు బాట సుమారు 15 కిలోమీటర్లు, అక్కడ జనం రాతి గుండ్ల వైపు ఎక్కి అటవీ రోడ్డు వైపు దిగుతారు. ఎదురు వచ్చేవాళ్లు ఇరుకు సందుల్లో చిక్కుకుని, ఎక్కేవాళ్ల వరుస తెగేదాకా నిలబడాలి. ఈ నియమానికి ఒకే మినహాయింపు ఎండ: నిటారు వైపు పడమరకు ఉండి మీరు మధ్యాహ్నం మొదలుపెడుతుంటే, ఆ బండల వేడిలో ఎక్కడం కన్నా అటువైపే సాయంత్రం దిగడం నయం కావచ్చు.

దిగడం మొదలుపెట్టే ముందు బూట్ల తాళ్లు చీలమండ దగ్గర బిగించి కట్టండి. వదులుగా ఉంటే పాదం ముందుకు జారి, బొటనవేలి గోరు బూటుకు తగిలి నల్లబడుతుంది. చేతికర్రలు వాడేవాళ్లు దిగేటప్పుడు వాటిని 5 నుంచి 10 సెంటీమీటర్లు పొడవు పెంచాలి, లేకపోతే ముందుకు వంగి నడవాల్సి వస్తుంది.

ఒక ఊళ్లో మొదలై ఇంకో ఊళ్లో ముగిసే బాటలు అన్నిటికన్నా అందమైనవి, ఎందుకంటే ఒక్క అడుగు కూడా రెండోసారి వేయరు. చిక్కల్లా వాహనమే. కారును చివరి ఊళ్లో పెట్టి, ఉదయం బస్సులో మొదటి ఊరికి పోయి, అక్కడి నుంచి నడుస్తూ కారు దగ్గరికి రండి. దీన్ని తిరగేసి చేస్తే కాళ్లు నొప్పులతో ఆఖరి బస్సు వెంట పరుగెత్తాలి.

ఎంతసేపు పడుతుంది?

1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ ఇచ్చిన లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది: ప్రతి 5 కిలోమీటర్లకు గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. 12 కిలోమీటర్లు, 600 మీటర్ల ఎక్కుడు ఉన్న చుట్టు బాటకు 3 గంటల 24 నిమిషాలు వస్తుంది. ఇది ఆగకుండా నడిచే గట్టి మనిషి లెక్క. జర్మనీ డిఐఎన్ 33466 ప్రమాణంలోని లెక్క ఇంకాస్త దయగలది. గంటకు 4 కిలోమీటర్ల నడక, 300 మీటర్ల ఎక్కుడు, 500 మీటర్ల దిగుడు. నడక సమయం ఒకటి, ఎక్కుడు దిగుళ్ల సమయం ఒకటి విడిగా లెక్కించి, పెద్దదానికి చిన్నదానిలో సగం కలపాలి. అదే బాటకు నడక 3 గంటలు, ఎక్కుడు దిగుడు కలిపి 3.2 గంటలు, మొత్తం 4 గంటల 42 నిమిషాలు. కుటుంబంతో వెళ్లేవాళ్లు రెండోదాన్నే వాడాలి. ఫోటోలు, భోజనం, ఆగడాలకు ఇంకో గంటైనా విడిగా ఉంచుకోవాలి.

నైస్మిత్ లెక్కకు తర్వాత ఎరిక్ లాంగ్‌మ్యూర్ అనే పర్వతారోహకుడు ఒక దిద్దుబాటు చేర్చాడు. 5 నుంచి 12 డిగ్రీల తేలిక వాలు దిగుతుంటే ప్రతి 300 మీటర్లకు 10 నిమిషాలు తీసేయాలి, 12 డిగ్రీలు దాటిన వాలైతే 10 నిమిషాలు కలపాలి. 600 మీటర్ల దిగుడుకు ఆ రెండింటి మధ్య తేడా 40 నిమిషాలు. దిగడమే కదా, ఎంతసేపు అనుకుని సాయంత్రం చీకట్లో చిక్కుకునేవాళ్లు పోగొట్టుకునేది ఈ 40 నిమిషాలే. యాప్‌లో చూపించే మొత్తం ఎక్కుడును కూడా గుడ్డిగా నమ్మకండి. నేల ఎత్తుల డేటాను ఒక్కో యాప్ ఒక్కోలా నునుపు చేస్తుంది, అందుకే ఒకే బాటకు రెండు యాప్‌లు రెండు అంకెలు చెబుతాయి. పెద్ద అంకెనే తీసుకోండి.

ఇవన్నీ కలిపి చూసుకుని వెనక్కి తిరిగే వేళను బయల్దేరకముందే నిర్ణయించండి. ఆరింటికి సూర్యుడు అస్తమిస్తాడు, దిగడానికి రెండు గంటలు, చేతిలో ఒక గంట మిగులు ఉండాలి అనుకుంటే మూడింటికి ఎక్కడున్నా తిరగాలి, శిఖరం పది నిమిషాల దూరంలో ఉన్నా సరే. ఉరుములకైతే వేళతో పని లేదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల కన్నా తక్కువుంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉంది. బోడి నెత్తినీ, గట్టునూ, ఒంటరి చెట్టునూ వదిలి దిగిపోవాలి. ఆఖరి ఉరుము విన్నాక అరగంట దాటేదాకా మళ్లీ పైకి పోకూడదు.

చివరికి ఏది తీసుకోవాలి?

పదేళ్ల లోపు పిల్లలుంటే: 6 కిలోమీటర్ల లోపు, 250 మీటర్ల లోపు ఎక్కుడు, వాగు పక్క ఎక్కి అటవీ రోడ్డు మీద దిగే చుట్టు బాట, చివర కంచె ఉన్న వ్యూపాయింటో టవరో. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఎక్కుడు కన్నా దిగుడే ముఖ్యం. 10 శాతం వాలుకు మించని దిగుడు ఎటువైపుందో అటు నుంచి ఆలోచన మొదలుపెట్టండి, వ్యూపాయింట్ తర్వాత. ఫోటోల కోసమే అయితే బండ అంచు, దిక్కు చూసుకుని, అంతకుముందు రోజు వాన పడి ఉంటే మరీ మంచిది. రోజంతా నడవాలనుకునే ఇద్దరు ముగ్గురు గట్టివాళ్లకు రిడ్జ్ మీది ఊరి నుంచి ఊరికి బాట, మూడేసి లీటర్ల నీళ్లతో.

ఎటూ తేలకపోతే, రెండు వ్యూపాయింట్లలో మబ్బు అడుగు కన్నా కిందున్నదాన్ని తీసుకోండి. రెండూ కిందే ఉంటే, దిగేదారి వెడల్పుగా ఉన్నదాన్ని. ఫోన్‌లో మ్యాప్ ఇంట్లోనే దించుకుని, బాట మొదట్లోనే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. సిగ్నల్ కోసం వెతుక్కుంటూ లోయలో ఫోన్ బ్యాటరీ సగం ఖాళీ చేసేస్తుంది, జీపీఎస్‌కు మొబైల్ సిగ్నల్‌తో పని లేదు.